ఏడు చాక్‌పీసు గీతలు

మా అత్తమ్మ పాటలు తొమ్మిది నా చేతుల మీదుగానే పోయాయి. ఫోను నిండిపోయింది, ఫోటో తీస్తే ఎక్కడం లేదు, జర సూడు బిడ్డా అని ఆవిడే నా చేతికిచ్చింది. కంప్యూటర్ల ఉద్యోగం చేసే కోడలు కదా, నమ్మకం. నేను ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు, ఎవరెవరివో పెళ్లి వీడియోలు ఏరి పారేశాను. పేరు లేకుండా అంకెలు మాత్రమే ఉన్న ఫైళ్లు కొన్ని కనిపిస్తే అవీ చెత్తే అనుకున్నాను. అవే పాటలు.

అవి ఎక్కడో విని నేర్చుకున్నవి కావు. ఆవిడ కట్టినవి. జనగామ దగ్గరి పల్లెటూరి నుంచి నాచారం వచ్చి, ముప్పై ఏళ్లు జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషి మా అత్తమ్మ. కుట్టు మిషన్ తొక్కుతూ పాట కట్టేది. తొక్కుడు ఆగితే పాట కూడా ఆగేది. కూడబలుక్కుని బైబిల్ చదువుతుంది కాని, రాయడం రాదు. అందుకని పాటలన్నీ నోట్లోనే ఉండేవి. ఫోను వచ్చాక అందులో పాడి దాచుకుంది. దాచుకున్నదాన్ని నేను తుడిచేశాను.

తిడితే బాగుండేది. తిట్టలేదు. "పోతే పోయినయ్ తియ్. నోట్ల ఉన్నయ్ గదా," అంది. పది రోజుల తర్వాత వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ ఒక పాట ఎత్తుకుని, మధ్యలో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. "రెండో చరణం వస్తలేదు బిడ్డా," అంది. నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే నాకు గుచ్చుకుంది.

అలా మొదలైంది మా ఇంటి సర్వరు. పెద్ద మాటేం కాదు. ఒక పాత కంప్యూటర్ ఇంట్లో ఓ మూలన పగలూ రాత్రీ నడుస్తూ ఉంటుంది. ఇంటిల్లిపాది ఫోటోలు, పాటలు వాటంతట అవే అందులోకి వెళ్లి కూర్చుంటాయి. ఉప్పల్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఇలాంటివి డజను నా చేతి కింద నడుస్తాయి. ఇంట్లో ఒకటి నిలబెట్టడం ఎంత పని అనుకున్నాను. ఆఫీసువాళ్లు తీసేసిన డబ్బా ఒకటి తెచ్చి, రెండు కొత్త హార్డ్ డిస్కులు బిగించి, హాల్లో చెక్క స్టూలు మీద పెట్టాను.

అత్తమ్మ పక్కన నిలబడి చూసింది. "గవి రెండెందుకు?"

"ఒకదాంట్ల రాసింది రెండోదాంట్ల గూడ పడతది అత్తమ్మా. ఒకటి పాడైనా ఇంకోటి ఉంటది."

"రెండు పాడైతే?"

"రెండూ ఒక్కసారే పాడుగావు."

"ఫోన్ల ఉన్నయ్ ఎటు వోవు అని గూడ నువ్వే చెప్పినవ్," అంది. అని కుట్టు డబ్బా నుంచి గుడ్డ మీద గీసే చాక్‌పీసు ముక్క తెచ్చి స్టూలు పక్కన పెట్టింది. "గిది ఒక వారం సావకుంట బతకనియ్. దినానికొక గీత గీస్త. ఏడు గీతలైనంక పాడత. గప్పటిదాంక నా పాటలు దీంట్ల పొయ్య."

షరతు న్యాయంగానే ఉంది. కాని లోపల నాకు భయం. ఒక చరణం అప్పటికే జారిపోయింది. ఈ డబ్బా నిలదొక్కుకునే లోపు ఇంకెన్ని జారిపోతాయో.

మొదటి రోజు డబ్బా అసలు లేవనేలేదు. మూడు సార్లు కూత పెట్టి ఊరుకుంది. ఆ కూత అర్థం నాకు తెలుసు. ర్యామ్ చిప్పు ఊడదీసి, దాని ఇత్తడి రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చాను. టక్కున లేచింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "మీ ఆఫీసుల గూడ రబ్బరు పెట్టే రుద్దుతవా?" అన్నాడు. ఆయన చర్లపల్లి స్టేషన్లో పనిచేస్తాడు. రైలు ఆలస్యమైతే మనుషులకు జవాబు చెప్పడం ఆయన ఉద్యోగంలో భాగం కనుక, ఎదుటివాళ్ల ఆలస్యం మీద వెటకారం చేయడం ఆయనకు విశ్రాంతి.

అప్పుడే ఇంకో పని కూడా చేశాను. డబ్బా లోపలి ఫ్యాన్ ఊడదీసి, దాని రెక్కలకు పట్టిన బూజులాంటి దుమ్మును అత్తమ్మకు చూపించి, పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. "సూసినవా, దీనికి శత్రువు దుమ్మే. లోపటికి దుమ్ము వోతే ఖతమే." ఉప్పల్ రోడ్డు పనుల దుమ్ము మా వీధిలో అందరి మెట్ల మీదా ఉంటుంది. అత్తమ్మ శ్రద్ధగా విని తలూపింది. ఆ తలూపు సంగతి తర్వాత చెప్తాను.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి డబ్బా చచ్చి ఉంది. మీట నొక్కితే లేచింది. రాత్రంతా నడిచింది, పొద్దున నేను బయల్దేరేదాకా నడిచింది. సాయంత్రం వస్తే మళ్లీ చచ్చి ఉంది. ఎలా ఆగిపోయిందో రాసిపెట్టే చోట చూస్తే ఏమీ లేదు. పొద్దున పదకొండు దాకా ఏవో వరసలు, ఆ తర్వాత ఖాళీ. మాట మధ్యలో ఫోను పెట్టేసినట్టు.

ముందు ర్యామ్‌ను అనుమానించాను. దాని పరీక్ష ఒకటి ఉంటుంది, పెట్టి పడుకున్నాను. పొద్దునకు ఒక్క తప్పూ లేదంది. తర్వాత ఎస్ఎంపీఎస్ మీద పడ్డాను, అంటే గోడ కరెంటును లోపలి భాగాలకు పంచే పెట్టె. హబ్సిగూడ సందులో ఒక రిపేరు షాపాయన ఉన్నాడు, నెరిసిన గడ్డం, కళ్లద్దాలు ముక్కు చివర. విషయం విని, "మేడం, మనుషులకు జ్వరమొస్తే ముందు పారాసిటమాల్, డబ్బాకు ఏమొచ్చినా ముందు ఎస్ఎంపీఎస్," అని కొత్తది చేతిలో పెట్టాడు. బిగించాను. సాయంత్రానికి మళ్లీ చావు.

కాని ఆదివారం చావలేదు. అందరం కలిసి చర్చికి వెళ్లి, వచ్చి, తిని, పడుకుని లేచినా నడుస్తూనే ఉంది. అత్తమ్మ స్టూలు కాలి మీద ఒక గీత గీసింది. "ప్రభువు దినం గదా. గది గూడ సల్లగున్నది," అంది. సోమవారం మళ్లీ పోయింది. తడిగుడ్డ తెచ్చి ఆ గీత తుడిచేసింది. తర్వాతి ఆదివారం మళ్లీ గీత, సోమవారం మళ్లీ తడిగుడ్డ. ఆవిడ మొహంలో కోపం లేదు, న్యాయాధిపతి నిష్ఠ మాత్రం ఉంది.

నా బుర్ర అప్పుడు పాదరసంలా పనిచేసింది అనుకున్నాను. ఆదివారం ఏం జరగదు? ఫ్యాక్టరీలు నడవవు! నాచారం ఫ్యాక్టరీల మోటార్లు తిరిగే రోజుల్లో మా వీధికి వచ్చే కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటోంది, ఆదివారం నెమ్మదిస్తోంది. లెక్క సరిపోయింది. మా ఆయనకు బల్ల గుద్ది చెప్పాను. "మరి ఫ్రిజ్ ఎందుకు సస్తలేదు?" అన్నాడు. ఫ్రిజ్ అంత సున్నితం కాదని చెప్పి, యూపీఎస్ తెచ్చి పెట్టాను. అది కరెంటు ఎగుడుదిగుళ్లను కాచుకుంటుంది. మంగళవారం సాయంత్రం వచ్చేసరికి యూపీఎస్ పచ్చ దీపంతో కులాసాగా ఉంది. దాని పక్కన డబ్బా చచ్చి ఉంది.

ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. బయట పదిమంది మిషన్లకు వైద్యం చేసేదాన్ని, ఇంట గెలవలేకపోతున్నాను. దానికి తోడు అత్తమ్మ ఆ వారం పాటలు పాడటమే మానేసింది. అడిగితే, "పాడుతుంటే యాడ తప్పుతనో అని బుగులైతున్నది," అంది. ఆ మాటతో నాకు అన్నం సయించలేదు.

చివరికి మొదటే చేయాల్సిన పని చేశాను. ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో అయిదు నిమిషాలకొకసారి రాసిపెట్టమని డబ్బాకే చెప్పాను. అప్పటిదాకా సాయంత్రం పూట నేనే చూస్తూ, నలభై అయిదు డిగ్రీలు, భేష్ అనుకుంటూ ఉన్నాను. మర్నాటి చిట్టాలో పొద్దున తొమ్మిదిన్నర దాకా నలభై అయిదే. పదికి అరవై. పదిన్నరకు ఎనభై. పదకొండు దగ్గర తొంభై దాటి, కాలిపోకుండా తనను తాను ఆర్పేసుకుంది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మార్చాను, కిటికీ ఎండ పడుతోందేమోనని స్టూలు జరిపాను. మర్నాడూ అంతే. ఈ పూట నా కళ్లతో చూడాల్సిందేనని శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి, పది దాటాక ఆఫీసు నుంచి ఇంటికి బయల్దేరాను.

మామూలుగా గేటు తీయమని సందు మొదట్లోనే హారన్ కొట్టడం నా అలవాటు. ఆ రోజు పైపుల కోసం సందు తవ్వి పెట్టారు. బండి టిఫిన్ బండి దగ్గర ఆపి, మట్టి కుప్పలు దాటుకుంటూ చప్పుడు లేకుండా వచ్చాను. తలుపు తీసే ఉంది.

స్టూలు మీద డబ్బా లేదు. డబ్బా ఉండాల్సిన చోట ఎర్ర మఖ్మల్ గౌను ఒకటి కూర్చుని ఉంది. నాలుగు పక్కలా కింది దాకా దిగి, అంచులకు కుచ్చులు, ముందు వైపు తెల్ల దారంతో కుట్టిన సిలువ, దాని కింద చిన్న పువ్వు. ఎంత కొలత ప్రకారం కుట్టిందంటే గాలి దూరే సందు లేదు. గౌను లోపల ఫ్యాన్ రొప్పుతోంది. చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టు ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. "అత్తమ్మా," అని నేను అరిచిన అరుపుకు ఆవిడ పెరట్లోంచి చీపురుతో సహా వచ్చింది.

"ఏంది, గప్పుడే వచ్చినవ్? పానం బాగ లేదా?"

"గిదేంది?"

"కవరు," అంది, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "నువ్వు వోంగనే ఊడుస్త గదా, దుమ్ము లేస్తది. అందుకే కప్పుత. నీ హారన్ ఇనంగనే తీస్త."

"తీసుడెందుకు మరి?"

"నువ్వు వస్తే దాని మీద పని జేస్తవ్ గదా. పని మీదున్న మిషన్‌కు ఎవలన్న బట్ట కప్పుతరా? పని లేనప్పుడు కప్పాలె."

ముప్పై ఏళ్లు కుట్టు మిషన్ మీదినుంచి లేచిన ప్రతిసారీ దాని మీద బట్ట కప్పిన చెయ్యి అది. మనిషి కూర్చోకుండా మిషన్ పని చేస్తుందని ఆ చేతికి ఎవరు చెప్పారు? నేను డిస్కుల గురించి చెప్పాను, దుమ్ము గురించి గంటసేపు చెప్పాను. నేను ఆఫీసులో ఉన్నప్పుడు కూడా అది పని చేస్తూనే ఉంటుందని మాత్రం చెప్పలేదు. నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను. నోటిదాకా వచ్చిన కోపం అక్కడే నవ్వుగా మారి, నేల మీద కూలబడి నవ్వాను. విషయం చెప్తే అత్తమ్మ చీపురు పక్కన పడేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, నా పాటల ఇల్లు అని కుట్టిన బిడ్డా. రోజు నేనే గొంతు పిసుకుతున్ననా?"

ఆ గౌనును పారేయడానికి నేనూ ఒప్పుకోలేదు. అత్తమ్మ ఆ మధ్యాహ్నమే కత్తెర తీసి, వెనకా పక్కలా మఖ్మల్ కోసేసి, పాత దోమతెర ముక్కలు కుట్టింది. సిలువ, పువ్వు, కుచ్చులు ముందు వైపు అలాగే ఉంచింది. అయినా నాకు ధైర్యం చాలక, ఊడ్చేటప్పుడు పావుగంట మాత్రమే వేయాలని మాట తీసుకున్నాను.

శనివారం ఒక గీత. ఆదివారం రెండు. సోమవారం సాయంత్రం గేటు దగ్గర ఒక క్షణం ఆగి లోపలికి వచ్చాను. డబ్బా నీలం దీపం వెలుగుతోంది. స్టూలు కాలి మీద మూడో గీత. అత్తమ్మ అటుకుల చుడువా పళ్లెం నా ముందు పెట్టింది. శుక్రవారానికి ఏడయ్యాయి.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర తిన్నాక, పాత కుట్టు మిషన్ ముందు కూర్చుంది. నేను ఫోనులో రికార్డింగు నొక్కాను, ఖాళీ మిషన్ తొక్కుతూ పాడింది. ఎనిమిది పాటలు వరసగా వచ్చాయి. తొమ్మిదోది, వంటింట్లో మధ్యలో ఆగిపోయిన ఆ పాటే.

"చినిగిన చోటే చెయ్యి పెట్టే దేవా, కొలత అడగక కుట్టేవాడివి నీవే," అని పల్లవి, మొదటి చరణం అయ్యాయి. తొక్కుడు ఆగింది. మళ్లీ తొక్కింది, మళ్లీ ఆగింది. కళ్లు మూసుకుంది.

అప్పుడు ఆ రెండో చరణం నా నోట్లోంచి వచ్చింది. నేను చర్చిలో కూడా పెదాలు మాత్రమే ఆడించే మనిషిని. నా గొంతు నాకే నచ్చదు. కాని ఇంటి నుంచి ఆఫీసు పని చేసిన రెండేళ్లలో, పక్క గదిలో మిషన్ తొక్కుతూ ఈవిడ ఈ పాట ఎన్నిసార్లు పాడిందో లెక్క లేదు. మీటింగుల మధ్య చెవులు మూసుకుని, ఎప్పుడు ఆపుతుందిరా దేవుడా అని పళ్లు నూరుకున్నాను. ఆ విసుగులోనే ఎక్కడో అతుక్కుపోయినట్టుంది.

"మిగిలిన ముక్కలు పారెయ్యవు నీవు, ముక్కముక్క కలిపి బొంత చేసేవు."

అత్తమ్మ కళ్లు తెరిచింది. తొక్కుడు మళ్లీ మొదలైంది. నా పాట ఒక పక్కకు, రాగం ఒక పక్కకు పోతున్నా ఆవిడ ఆపలేదు, తన గొంతు నా గొంతు కింద పెట్టి చివరిదాకా తీసుకెళ్లింది. రికార్డింగు ఆపబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"రెండు డిస్కులు పాడైతే ఎట్ల అని అడిగితి గదా," అంది. "మూడోది ఇంట్లనే ఉన్నది. తక్కిన ఎనిమిది గూడ నేర్సుకో బిడ్డా."

తలూపాను. మా ఆయన వంటింట్లోంచి, "గా మూడో డిస్కుకు జర రాగం తక్కువున్నది, రబ్బరు పెట్టి రుద్దాలె," అన్నాడు. అత్తమ్మ చేతికందిన దారపు ఉండ ఆయన మీదికి విసిరింది. మా నవ్వు, ఉండ గిన్నెకు తగిలిన చప్పుడు కూడా పాటతో పాటు రెండు డిస్కుల్లోనూ ఉన్నాయి. నేను చెరపలేదు.