చెప్పులు దులపకండి!

మా ఎదురింటి భీమశంకరరావు మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరైనా ఊరెళ్ళి వస్తే ముందు వాళ్ళ చెప్పులు దులిపించుకుంటారు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే, అవి కూడా మనిషి గురించి కాదు, చెప్పుకి అంటిన ఇసుక గురించి.

వన్ టౌన్‌లో మా సందు ఇరుకు. ఆటో ఆగిన చప్పుడైతే చాలు, మాస్టారు పాత పేపరు పట్టుకుని గేటు బయట ప్రత్యక్షం. "ఆగండాగండి! చెప్పులు దులపకండి! దీని మీద, మెల్లగా!" అంటారు. ప్రయాణం చేసి, ఆకలితో, రెండు చేతుల్లో సంచులతో మనం ఒంటికాలి మీద నిలబడి చెప్పు తట్టాలి. రాలిన దాన్ని ఆయన కళ్ళద్దాల దాకా తెచ్చుకుని, "ఏ ఊరమ్మా నీది?" అని ముద్దుగా అడుగుతారు. అడిగేది ఇసుకని. మనం అక్కడున్నట్టే ఆయనకి గుర్తుండదు.

యారాడ నుంచి వలతాళ్ళ కోసం మా కొట్టుకి వచ్చే ఎల్లారావు ఒకసారి తప్పించుకోబోయాడు.

"మాస్టారూ, నాను పడవ దిగి వత్తన్నాను. నా కాళ్ళకి సెప్పులే నేవు."

"వేళ్ళ సందులున్నాయి కదా?"

పాపం, ఎల్లారావు మా కొట్టు అరుగు మీద కూర్చుని పదివేళ్ళూ విదిలించి వెళ్ళాడు. అప్పట్నుంచి తాడు కావాలంటే ఫోన్ చేసి, "బావా, ఆయన ఇంట్లో ఉన్నాడేటి?" అని కనుక్కుని మరీ వస్తాడు. బేరం పోయేది నాకు.

మాస్టారు యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెబుతారు. ఓ సాయంత్రం ఉండబట్టలేక, ఇదంతా ఎందుకని అడిగాను. ఆ అడగడమే నేను చేసిన పొరపాటు.

"కొండలు అరిగిపోతాయి గురునాథరావుగారూ. అరిగినదంతా నదుల్లో కొట్టుకొచ్చి ఇసుకవుతుంది. ఆ ఇసుక ఎక్కడో పేరుకుని, గట్టిపడి, మళ్ళీ రాయవుతుంది. అందులో జిర్కాన్ అనే గింజ ఉంటుంది. తను ఎప్పుడు పుట్టిందో దాని ఒంట్లోనే రాసుంటుంది. కొండ మాయమైపోయినా సరే, ఈ గింజని పట్టుకుంటే ఆ కొండ ఎక్కడ ఉండేదో, ఎప్పుడు లేచిందో చెప్పచ్చు."

"లేసి ఏటి సేత్తాదండి?"

"మళ్ళీ అరుగుతుంది."

దీనికి జీతమిచ్చేవాళ్ళున్నారంటే ఈ దేశం మీద నాకు గౌరవం పెరిగింది.

ఈ విద్యలో మాస్టారు సామాన్యులు కారు. గోదావరి లోయలో ఒక ఇసుకరాతి గుట్ట ఉంది. ఆ గుట్టలోని ఇసుక మన తూర్పు కనుమలు అరిగి వచ్చిందేనని ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన తేల్చారు. దాన్నిబట్టి కనుమలు ఎప్పుడు ఎంతెత్తు లేచాయో లెక్కకట్టారు. ఆయనకొచ్చిన పేరు, శాలువాలు అన్నీ ఆ మాట మీద వచ్చినవే.

ఇదంతా ఎదురింటి గొడవగా ఉన్నంతకాలం భరించాను. మా అమ్మాయి శ్రీసత్య వెళ్ళి ఆయన దగ్గరే పరిశోధనకి చేరింది. ఇంక చెప్పేదేముంది, అంటువ్యాధి మా గడప దాటి లోపలికొచ్చింది. అదే గుట్ట రాయిని తెచ్చి, పొడి చేసి, మైక్రోస్కోపు కింద సన్నటి సూదితో ఒక్కొక్క గింజా ఏరుతుంది. చెయ్యి కాస్త అదిరినా గింజ ఎగిరి ఎక్కడో పడుతుంది. అలా ఏరినవాటిని వయసు తేల్చడానికి వేరే ఊరి లేబొరేటరీకి పంపుతుంది. అన్నం తింటున్నా ఆ మునివేళ్ళతోనే, మెతుకులు ఏరుతున్నట్టు తింటుంది.

పోనీ, చదువు. ఒక పరిశోధన సంస్థవాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. షరతు ఒక్కటే, ఈ ఏడు దసరాలోగా డాక్టరేట్ చేతికి రావాలి. రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ ఉద్యోగం మీద మా పిల్ల పెట్టుకున్న ఆశ నాకు తెలుసు. అందుకే కొట్టు మూసి, నా కారుకి నేనే డ్రైవరునై గురుశిష్యుల్ని గుట్టకి తిప్పాను.

నిరుడు వేసవి చివర్లో నేనూ మా ఆవిడ సూర్యకళా అదే కారులో కన్యాకుమారి వెళ్ళొచ్చాం. అక్కడ రంగురంగుల ఇసుక పొట్లాలు అమ్ముతారు కదా, మా ఆవిడ అరడజను కొన్నది. దార్లో రెండు పగిలి డిక్కీ అంతా ఇసుక. ఇంటి ముందు దిగేసరికి యథాప్రకారం పేపరు రెడీ. నా చెప్పులు తట్టించుకుని, డిక్కీలో ఉన్నదీ చూసి మాస్టారు చంటిపిల్లాడిలా గంతులేశారు.

మరుసటి వారమే గుట్టకి ప్రయాణం. ఆ రాయి పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయే రకం. సంచులన్నీ నేనే భుజాన మోసి డిక్కీలో పడేశాను. రెండు మూడు చినిగి లోపల ఒలికిపోయాయి. నేనేం తక్కువ తిన్నానా? దోసిళ్ళతో ఎత్తి, ఒక్క రవ్వ పోకుండా కొత్త సంచుల్లోకి పోశాను. మాస్టారు చూస్తూ నిలబడిపోయారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా సేవకి కదిలిపోయారు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర చల్లగా చెప్పారు.

"ఈ విడత రాళ్ళు పనికిరావండి. మళ్ళీ వెళ్ళి తేవాలి."

"ఏలండీ? ఆటికేటయిపోనాది?"

"బాగాలేవు."

"రాయి బాగోకపోడం ఏటి మాస్టారూ? కుళ్ళిపోనాదేటి?"

"నాకు నచ్చలేదు." ఆపైన ఇంకో మాట అన్నారు. "ఈసారి బస్సులో వెళ్తాం. మీ కారు సీట్లకి నా నడుం పట్టేస్తోంది."

నన్నన్నా పడేవాణ్ణి, కారునన్నారు. అంతలో వానలు పట్టుకున్నాయి. గుట్ట దారి ఆరేసరికి ఆర్నెల్లు గాల్లో కలిసిపోయాయి. మద్దిలపాలెంలో వాళ్ళిద్దరూ బస్సెక్కిన రోజు నేను వీడ్కోలుకి కూడా వెళ్ళలేదు.

సరిగ్గా అప్పుడే అమ్మాయితో పాటు పనిచేసే కీర్తన మా ఇంటికొచ్చి నోరుజారింది. "నిరుడు వేసవికి ముందు తెచ్చిన మొదటి విడతలోనే తేలిపోయింది అంకుల్. చాలా గింజలు మన కనుమలవి కావు, వయసు కుదరట్లేదు. మనమూ అంటార్కిటికా ఒకే నేలగా ఉన్న రోజుల్లో అటువైపు కొండల నుంచి కొట్టుకొచ్చినవి. అంటే మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్నది తప్పు."

ఇంకేముంది, నాకంతా అర్థమైపోయింది. తన పరువు కాపాడుకోడానికి నా కూతురి గొంతు కోస్తున్నాడు! ఎదురింటికి వెళ్ళి సందంతా వినపడేలా దులిపేశాను. "పిల్ల బతుకుతో ఆటలాడతన్నారేటండీ? దసరా దాటిపోతే దానికి ఉజ్జోగం ఎవులిత్తారు?" ఆయన తలొంచుకుని విన్నారు. అంతా అయ్యాక, "మీరు ఈ మధ్య భీమిలి వెళ్ళారా? చెప్పులకి ఎర్రమట్టి ఉంది," అన్నారు. ఆ రోజు నుంచి రోజూ మా ఇంటి నుంచి వెళ్ళే కూర ఆయనకి బంద్.

అమ్మాయి మాత్రం ఒకటే మాట. "నాన్నా, ఆయన్నేం అనకు."

కిందామీదా పడి చివరికి దసరాకి కాస్త ముందు నోటి పరీక్ష పెట్టారు. అందరూ చూడొచ్చు అంటే వెళ్ళి వెనక బెంచీలో కీర్తన పక్కన కూర్చున్నాను. అంతా ఇంగ్లీషు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయనెవరో ప్రశ్నలు గుప్పిస్తున్నారు. నాకు అంతంతమాత్రంగా అందుతోంది గానీ, ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినపడింది. కన్యాకుమారి.

"ఏటంటన్నాడమ్మా?" అని కీర్తనని గిల్లాను.

"ఇదే వయసు గింజలు కన్యాకుమారి వైపు కూడా ఉంటాయట. మీ రాళ్ళలో అక్కడి ఇసుక కలవలేదని ఏంటి గ్యారంటీ, మీలో ఎవరైనా అటు వెళ్ళొచ్చారా అని అడుగుతున్నారు."

నా కాళ్ళకి అవే చెప్పులు. మెల్లగా బెంచీ కిందకి లాక్కున్నాను.

శ్రీసత్య తడుముకోలేదు. కీర్తన చెవిలో చెబుతుంటే విన్నాను. "వెళ్ళారు సార్, మా నాన్నగారు. ఆ కారులోనే గుట్టకి వెళ్ళాం. డిక్కీలో ఆ ఇసుక కలిసిపోయింది. అందుకే మా మాస్టారు ఆ విడత మొత్తం పారబోయించారు. తర్వాత బస్సులో వెళ్ళి, కొత్త సంచులు, కొత్త చెప్పులతో మళ్ళీ తెచ్చాం. మా నాన్నగారి చెప్పుల్లోంచి రాలిన ఇసుక కూడా పరీక్షించాం. వయసు ఒకటే అయినా లోపలి రసాయనం వేరు. రెండూ ఒక చోటివి కావు."

పెద్దాయన నవ్వారు. హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నా కాళ్ళకేసి చూశారు.

తర్వాత ఆయన మాస్టారి వైపు తిరిగారు. ఇది ఒప్పుకుంటే మీ పాత మాట నిలవదు కదా, ఏమంటారని అడిగారు. మాస్టారు లేచి నిలబడి తెలుగులోనే చెప్పారు. "నిలవదండి. ముప్ఫై ఏళ్ళు ఆ ఇసుకకి ఊరు తప్పు చెప్పాను. అసలు ఊరు ఈ అమ్మాయి చెప్పింది." చెప్పి, సంబరంగా కూర్చున్నారు.

కలిసిపోయిన ఇసుకని అలాగే ఉండనిస్తే మా పిల్ల మాట ఎవరూ నమ్మేవారు కాదు. ఆయన మాట ఇంకో ముప్ఫై ఏళ్ళు దర్జాగా బతికేది. ఆ సంగతి మట్టిబుర్ర నాకు అప్పుడు తట్టింది. అమ్మాయికి డాక్టరేట్ ఇచ్చినట్టు ప్రకటించగానే చప్పట్లు కూడా కొట్టకుండా వరండాలోకి పరిగెత్తి ఆయన్ని పట్టుకున్నాను.

"ఏటండీ మీరు! నా వల్లే పాడయిపోనాదని ఒక్క ముక్క సెప్పొచ్చు కదా! అమ్మాయిని కూడా నాతో సెప్పొద్దని అనుంటారు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను!"

"పర్వాలేదండి. మీరు నన్ను తిడితే ఇసుకకేం కాదు." మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు. "నిజం చెప్తే మీరు అన్నం మానేస్తారు. మీరు మానేస్తే అమ్మాయి బెంగపెట్టుకుంటుంది. బెంగతో చెయ్యి వణికితే గింజలన్నీ కింద పడిపోవూ?"

ఏం చెయ్యాలి ఈ మనిషిని? ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, తిన్నగా మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. దారిపొడుగునా తిడుతూనే ఉన్నాను.