పేరు పెట్టని కారు

గంగాళాలు కొనుక్కొస్తానని కేసముద్రం దిక్కు ఒక దొర గడిలో సామాన్ల వేలానికి పోయిన మా బాపు, ఎడ్లతో ఒక కారును లాగించుకొని వచ్చాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది.

"గంగాళాలేవి?"

"దీంట్ల గంగాళం కంటె ఎక్కువ నీళ్లే వడ్తయి తీయ్" అన్నాడు బాపు.

డెబ్భైల నడుమ మాట. వరంగల్ బజారులో మా కిరాణా దుకాణం వెనక కొట్టంలో దాన్ని పెట్టారు. దాని మీద కంపెనీ గుర్తు లేదు. నుదుటి నడుమ ఒకటే లైటు, తలుపులు వెనక్కి తెరుచుకునేవి, ఇంజను డిక్కీలో ఉండేది. చూడవచ్చిన ప్రతివాడూ తనకు తెలిసిన కారు పేరొకటి చెప్పి, చాయ్ తాగి పోయేవాడు. ఒకరి మాట ఒకరితో కలిస్తే ఒట్టు!

మెకానిక్ మాత్రం తేల్చి చెప్పాడు. "ఏ బండో తెలిస్తె సామాను తెప్పిస్త సేటు. తెల్వకుంటె పాత ఇనుమే."

అట్లా ఏళ్లు గడిచాయి. ప్రతి దసరాకు తరాజులతో పాటు దానికీ పూజ చేసి, ముందర ఉబ్బెత్తుగా ఉన్నచోట పసుపు కుంకుమ పెట్టేది అమ్మ. నేను డిగ్రీలో ఉండగా, మిర్చి బస్తాలకు జాగా చాలడం లేదని బాపు పాత ఇనుప కొట్టాయనతో కారుకు బేరం మాట్లాడాడు.

"పేరన్న తెల్వకుండ కోయిస్తరా?" అంది అమ్మ. ఆ గొంతు నాకు తెలుసు. నా తర్వాత పుట్టిన చెల్లె పురుడు వేడుక కాకముందే, పేరు పెట్టకముందే పోయింది. తలుచుకోవడానికి పేరు లేక ఇంట్లో 'ఆ పిల్ల' అనేవాళ్లం. కారు పేరు తేలేదాకా ఆగుదామన్నాడు బాపు.

పొట్లాలు కట్టడానికి మేం తెప్పించే రద్దీ కాగితాల కట్టల్లో విదేశాల మోటారు పత్రికలు కూడా వచ్చేవి. మధ్యాహ్నం బేరాలు లేని వేళ అమ్మా నేనూ మా కారు బొమ్మ వెతకడానికి ఆ కాగితాలు పట్టుకొని దాని వెనక సీట్లో కూర్చునేవాళ్లం. ఎండుమిర్చి వాసన, పాత తోలు వాసన, అద్దాల్లోంచి పచ్చటి ఎండ. కళ్లు మూస్తే కారు కదిలినట్టే ఉండేది. మడికొండ దాటి, మబ్బుల్లోకి దిగి, ఎవరూ ఎరగని ఊళ్ల మీదుగా పోయేది. "జర మెల్లగ పోనియ్యే, కడుపుల తిప్పుతాంది" అని నవ్వేది అమ్మ. అంత హాయిగా నేను మళ్లీ ఏ బండిలోనూ పోలేదు.

ఒకరోజు చింతపండు పొట్లం కడుతున్న అమ్మ కేక పెట్టింది. "ఆగుండ్రి! గిది మన బండి మొఖమే!" పొట్లం విప్పి చింతపండు తక్కెట్లో గుమ్మరించింది. కొనవచ్చినామె నోరెళ్లబెట్టింది.

డిక్షనరీ పట్టుకొని ఆ బొమ్మ కింది రాత చదివాను. పెద్ద యుద్ధం అయిపోయాక ఎక్కడో ఒక చిన్న కంపెనీ పరీక్ష కోసం చేసిన ఒకే ఒక్క కారు. పేరు పెట్టకముందే కంపెనీ మూతబడింది. మిగిలింది ఒక నంబరే.

ఆ నంబరు బండి ముందర పట్టీ మీద ఉండాలన్నాడు మెకానిక్. ముందర ఉన్నది మేం బొట్టు పెట్టే ఉబ్బు ఒక్కటే. నూనె పోసి నానబెట్టి గీకితే దసరాలన్నీ పెళ్లలుగా రాలాయి. కింద ఇత్తడి పట్టీ, దాని మీద అదే నంబరు. ఇన్నేళ్లూ దాని ఆనవాలు మీదే బొట్టు పెట్టాం, ఏం మనుషులమో! అమ్మా నేనూ చేతులు పట్టుకొని ఎగిరాం.

బాపు మాత్రం చతికిలబడ్డాడు. "ఒక్కటే చేసిండ్రంటె ఇగ సామాను ఏడ దొరుకుతది?"

మరునాడే ఇనుప కొట్టు లారీ వచ్చింది. ఏడుపు ఆపుకోలేక నేను లోపలికి పోబోయాను.

"జర ఆగుండ్రి" అంది అమ్మ. పళ్లెంలో బియ్యం పరిచి తెచ్చి బాపు ముందు పెట్టింది. పురుడు నాడు తండ్రి బిడ్డ పేరు రాసేది అట్లాగే. బాపు కదల్లేదు. అమ్మే ఆయన వేలు పట్టుకొని రాయించింది. నేను తొంగిచూశాను. 'ఆ పిల్ల'కు అనుకొని పెట్టలేకపోయిన పేరది. ఆ సంగతి నాకు ఆ రాత్రి అమ్మ చెబితేనే తెలిసింది.

అమ్మ కారు కిటికీలోకి వంగి ఆ పేరు మెల్లగా చెప్పింది. బాపు కండువాతో ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి లారీ దగ్గరికి పోయాడు.

"పోయిరాండ్రి అన్నా. పేరు పెట్టినంక పంపుడు నాతోని కాదు."

ఆ ఏడు మిర్చి బస్తాలు మా పడకింట్లో పెట్టుకున్నాం. రాత్రంతా తుమ్ములే.