బిడ్డను లేపినవాడే పడుకోబెట్టాలి

చింతామణి నుంచి బాగేపల్లికి చేళూరు మీదుగా పోతే దగ్గర. ఈ దారిన పోయేవాళ్ళకు ముందుగా చెప్పాల్సింది అదే. నేను మాత్రం చిక్కబళ్ళాపురం చుట్టి పోయాను. అక్కడి మార్కెట్టులో పూలు తాజాగా దొరుకుతాయని మా ఆవిడ సరోజతో చెప్పాను. అది నిజమే కానీ, కూతురి ముఖం చూడటం ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే బాగుండునన్నది నా మనసులో ఉన్న మాట.

శ్రావణ శనివారం. సరోజ వాకిట్లో ముగ్గు వేస్తూ తల ఎత్తకుండానే అంది: "నేనొస్తే నా కొంగెనక దాక్కుంటావు. ఒక్కనివే పో." ఆరున్నర బస్సుకు బయల్దేరాను.

మా అమ్మాయి లతను మిట్టేమరి అవతల ఒక చిన్న ఊరికి ఇచ్చాం. తొలి కాన్పుకు మా ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పాపకు రెండో నెల నడుస్తుండగా మా వీధి రామాలయంలో ఉత్సవం వచ్చింది. స్వామికి పవళింపు సేవలో లాలి పాడేది నేనే. బాలింతలు మూడు నెలలు నిండేదాకా గుడి గడప దాటకూడదని కమిటీ కట్టుబాటు, ఆ కమిటీలో నేనూ ఉన్నాను. నా పాట పాపకు వినిపించాలని లత గడప దాకా వచ్చింది. నేను హార్మోనియం మీది నుంచి చెయ్యి తీసి, వడియాల దగ్గర కాకిని తోలినట్టు తోలాను. నలుగురూ చూశారు. ఆ చేత్తోనే మళ్ళీ మెట్లు నొక్కి "రాజాధిరాజా, నిదురించవయ్యా" అని రాగం ఎత్తుకున్నాను.

ఆ వారమే లత అత్తగారింటికి వెళ్ళిపోయింది. ఐదో నెలలో చీర, సారె, ఊయల పెట్టి పంపడం మా ఆనవాయితీ. అవేమీ లేకుండా ఒక బట్టల సంచితో ఆటో ఎక్కింది. వాళ్ళమ్మ ఫోను ఎత్తుతుంది, నాది ఎత్తదు. మళ్ళీ మా ఇంటి గడప తొక్కుతుందో లేదో తెలియక మూడు నెలలు గడిపాను. అప్పుడు మా వియ్యపురాలు నారాయణమ్మ ఫోను చేసింది. "శనివారం మా ఊర్లో ఊయల సేవ అన్నా. ఈ తడవ ఊపేది మీ కూతురే. రా." అంతే చెప్పి పెట్టేసింది.

ఎనిమిదిన్నరకు చిక్కబళ్ళాపురంలో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. మార్కెట్టులో మల్లెలు, చేమంతులు ఒక పెద్ద సంచి నిండా కొన్నాను. బాగేపల్లి బస్సులో అడుగు పెట్టే చోటు లేదు. అందరూ ఆడవాళ్ళే. నంది ఊరి నుంచి జట్టుగా వచ్చి, బాగేపల్లి వైపు వెంకటరమణస్వామి గుడికి పోతున్నారట. సర్కారు బస్సుల్లో మా రాష్ట్రం ఆడవాళ్ళకు ఉచితమైనప్పటి నుంచి శ్రావణ శనివారాలు ఇలాగే ఉంటాయని ఒకావిడ చెప్పింది. పోదలచుకున్న మగవాళ్ళు నిలబడటానికి సిద్ధపడి పోవాలి.

"ఆధార్ తోరిసండమ్మా, అందరూ ఆధార్ తోరిసండి" అంటూ, కార్డు చూపించమని కండక్టరు వచ్చాడు. ముందు సగంలో డబ్బు తీసింది నేనొక్కణ్ణే. కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడ నా చేతిలో టికెట్టు చూసి నవ్వింది.

"ఈ బస్సుకు డీజిలు పోసేది నువ్వొక్కనివేనప్పా!"

ఆ మాటకు పక్క సీట్లు అందుకున్నాయి. "కండక్టరప్పా, స్వామే బస్సెక్కినాడనుకో. టికెట్టు కొడతావా?"

"కొట్టక? మగోడు గదా. ఫుల్ టికెట్టు."

"మరి అమ్మవారెక్కితే?"

"ఆధార్ తోరిస్తే ఫ్రీ."

"తిరుచానూరు అమ్మవారయితే? ఆయమ్మది ఆంధ్రా ఆధారు గదప్పా!"

"అట్లయితే ఆయమ్మ కూడా దుడ్డియ్యల్ల. రూల్సు రూల్సే."

వెనక నుంచి సన్నటి గొంతు ఒకటి లేచింది. "మా నంది శివుడు సగం ఆడ, సగం మగ అవతారంతో వస్తే ఏం చేస్తావో చెప్పు!"

కండక్టరు టికెట్టు మిషను వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. "అర టికెట్టు!" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. డ్రైవరు కూడా హారను మోగించాడు. కడ్డీ పట్టుకుని వేలాడుతూ నేనూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వు ఆగాక ఒక సంగతి తట్టింది. నా పాటలన్నింట్లో ఉన్నది ఫుల్ టికెట్టు దేవుడే. రాజు, ప్రభువు, తండ్రి. ఇంకో పేరుతో పిలవొచ్చన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు.

పేరేసంద్రలో టీ కోసం బస్సు ఆపారు. ఇక్కడి రోడ్డు పక్క అంగళ్ళలో టీ చిక్కగా ఉంటుంది, కానీ డ్రైవరు తాగడం ముగిస్తే ఎవరి కోసమూ ఆగడు, గుర్తుంచుకోండి. డీజిలు మాట అన్న పెద్దావిడ నా సంచిలోకి తొంగి చూసింది.

"ఇన్ని పూలు యాడికప్పా?"

"కూతురింటికమ్మా."

"కూతురికా, దేవునికా?"

సంచి మూతి మడిచి పట్టుకున్నాను. ఆమె నా ముఖం చూసి ఏం కనుక్కుందో ఏమో, "చెరి సగమియ్యి. ఇద్దరూ అలగరు" అని బస్సెక్కి, తన సంచి ఒళ్ళో పెట్టుకుని నాకు సగం సీటు ఇచ్చింది.

పదిన్నరకు బాగేపల్లి. మిట్టేమరి బస్సు సిద్ధంగా ఉంది. రెండు వైపులా వేరుశనగ చేలు, రాళ్ళ గుట్టలు, మధ్యలో రాగి మళ్ళు. మిట్టేమరి నుంచి ఆ ఊరికి ఆటో తప్ప వేరే దారి లేదు. నలుగురు నిండేదాకా ఆటో కదలదు. ఆ రోజు దాని కంటే నాకే తొందర తక్కువ.

లత వాకిట్లోనే ఉంది. పూల సంచి అందుకుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి, మాట లేకుండా లోపలికి పోయింది. గడప అవతల పాప చాప మీద కాళ్ళు కొట్టుకుంటోంది. నేను అరుగు మీదే కూర్చున్నాను. లోపలికి పిలవకుండా పోవడం నాకు చాతకాలేదు. గడప బయట ఉండటం ఎలా ఉంటుందో అప్పుడు కొంచెం తెలిసింది.

నారాయణమ్మ వక్క నములుతూ వచ్చింది. "మూతి ముడుచుకోవాకన్నా. ఊయల కట్టినాక మా ఊర్లో ఎవురూ అలగరు. లేచి రా."

ఆ ఊరి ఊయల సేవ ఇదీ. శ్రావణంలో ఒక శనివారం, మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక దేవుడు కునుకు తీస్తాడు. అన్నం తిన్న బిడ్డ పడుకోవద్దా అంటారు. పూజారి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి తన భోజనానికి పోతాడు. అప్పటి నుంచి గుడి ఆడవాళ్ళది. దూలానికి చెక్క ఊయల కడతారు. ఊపే హక్కు ఆ ఊర్లో అందరి కంటే చివరగా బిడ్డను కన్న తల్లిది. బిడ్డ పది రోజుల పసికందైనా సరే, తల్లి ఒంటి మీద పసుపు ఆరకపోయినా సరే, ఆమె రాకపోతే ఊయల కదలదు. మా గుడిలో ఎవరిని బయట నిలబెడతామో, ఇక్కడ ఆమె కోసం గుడంతా కాచుకుని ఉంటుంది.

ఊపే తల్లికి కన్నతండ్రినని నన్నూ లోపలికి రానిచ్చారు. లత తలలో నేను తెచ్చిన మల్లెలు ఉన్నాయి. పాపను ఎడమ భుజాన వేసుకుని, కుడిచేత్తో తాడు లాగుతోంది. ఊయల మీద పాత పట్టుచీర ముక్క కప్పారు. చుట్టూ చేరిన ఆడవాళ్ళు తలా ఒక మాటతో లోపలున్న దేవుణ్ణి బుజ్జగిస్తున్నారు. ఒకామె "పండుకో నా తల్లీ" అంది. ఇంకొకామె "మా నాయన గదా" అంది. ఒక ముసలామె "బంగారు కూనా, మీయమ్మ వచ్చేస్తాది" అని ముద్దు చేసింది.

నా నోరు ఊరుకోలేదు. నన్ను పాడమంటారేమో, ఏ లాలి ఎత్తుకోవాలో ముందే తేల్చుకోవాలనిపించింది. రాముడికి ఒక లాలి, లక్ష్మీదేవికి ఒకటి నా దగ్గరుంది. "లోపలుండేది స్వామా, అమ్మవారా?" అని నారాయణమ్మను అడిగాను.

"బిడ్డ" అంది.

"అది సరే, ఏ దేవుడని?"

"చెప్తిని గదన్నా. బిడ్డ."

వాళ్ళు హారతి పళ్ళెం సర్దుకుంటుండగా, నేను ఒంగి చీర అంచు ఎత్తి చూశాను.

లోపల రుబ్బురోలు గుండు ఉంది. పసుపు పూసి, బొట్టు పెట్టి, కాటుక దిద్ది, మెత్తని పాత బట్టలో చుట్టి పడుకోబెట్టారు. నామకరణంలో బిడ్డ కంటే ముందు ఊయల్లో గుండును పెట్టడం మా ఇళ్ళలోనూ ఉన్నదే. అది మా లత వంటింటి గుండు. ఎంత కడిగినా చట్నీ వాసన ఇంకా పోలేదు.

"అయ్యయ్యో, లేపేసె! లేపేసె బిడ్డను!" అని ముసలామె అరిచింది. గుడంతా కేకలు, నవ్వులు.

"పండుకొన్న బిడ్డను ఆడా మగా అని గుడ్డెత్తి చూసేది యా ఊరి మర్యాదప్పా?"

"చింతామణి మర్యాదేమో లేమ్మా!"

నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీర్పు చెప్పింది. "లేపినోడే పడుకోబెట్టల్ల. మా ఊరి కట్టుబాటన్నా. ఆడోళ్ళమంతా పండుకునె అనేదాకా నీకు అన్నం లేదు."

తాడు నా చేతికొచ్చింది. గొంతు సవరించుకుని, వచ్చిన పెద్ద లాలే ఎత్తుకున్నాను. "రాజాధిరాజా" దగ్గర గమకం బాగా పలికింది. ఆడవాళ్ళు బుగ్గన చేయి పెట్టుకుని విన్నారు.

"బాగుండాది" అంది ముసలామె. "కానీ ఈ పాటకు బిడ్డ లేచి కుచ్చుంటాది. కోర్టులో జవాను పిలిచినట్టుండాది."

నాకే నవ్వొచ్చింది. ఇంకోటి పాడబోయాను. నాకు రాదు. వచ్చినవన్నీ సింహాసనాల పాటలే. రాజు వాకిటికి కాపలాదారు కావాలి, నేను ఇన్నాళ్ళూ ఆ కొలువే చేశాను. ఊయల దగ్గర ఆ కొలువుకు పని లేదు. రాగం ఆపేసి, తాడు పట్టుకుని అట్లే నిలబడిపోయాను.

లత భుజాన ఉన్న పాప ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. లత నా దగ్గరికొచ్చింది. మూడు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"అమ్మ పాడేది గుర్తులేదా నాన్నా?"

"లేదు తల్లీ. నేనెప్పుడూ వినలేదు."

నేను గుడిలో స్వామిని నిద్రపుచ్చుతున్న పొద్దుల్లో సరోజ ఇంట్లో పసిబిడ్డ లతను నిద్రపుచ్చేది. ఆ పాట ఏదో నాకు తెలియదు. లత ఒక క్షణం నన్ను చూసి, సన్నగా మొదలుపెట్టింది.

"జోజో తల్లీ జోజో, రాగిచేను ఈనె జోజో,
జోజో నాయనా జోజో, రాయికైనా నిదర జోజో."

నేను తాడు లాగాను, తను పాడింది. రెండోసారి నేనూ కలిశాను. మూడోసారికి ఆడవాళ్ళంతా కలిశారు. తల్లీ అన్నా, నాయనా అన్నా ఊయల ఒక్కలాగే ఊగింది. ముసలామె చెవి ఒగ్గి విని, "పండుకునె" అంది. నిజంగానే పాప భుజం మీద నిద్రపోయింది. గుండు సంగతి చెప్పలేను.

అప్పుడు లత పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. గుడి లోపల, గర్భగుడికి నాలుగడుగుల దూరంలో. ఎవరూ ఎవరినీ తోలలేదు.

మధ్యాహ్నం భోజనం రాగిసంగటి. అందులోకి వేరుశనగ చట్నీ కాదు, ఉట్టి పప్పు. గుండు ఊయల్లో ఉన్నప్పుడు ఏ చట్నీ నూరతారు? సాయంత్రం అరుగు మీద లతతో చెప్పాను. "ఆ పొద్దు నేను చేసింది తప్పు తల్లీ. ఇంటికి రా."

"వస్తా. కానీ నాకు ఆ మూడు నెలలూ దాటిపోయినాయి గదా నాన్నా, ఇప్పుడు నన్ను లోపలికి రానిచ్చేదాంట్లో గొప్పేముంది? మన ఎదురింటి గాయత్రి నెల బిడ్డతో ఉండాది. ఆయమ్మను కూడా పిల్చుకొనే గుడికొస్తా. అప్పుడేం చేస్తావు?"

కమిటీలోని ముఖాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. వాళ్ళు ఒప్పుకుంటారని చెప్పలేను. "అడుగుతాను. ఒద్దంటే హార్మోనియం గడప బయటికి తెస్తాను. ఆ రోజు లాలి మీ దగ్గరే" అన్నాను. లత నవ్వలేదు కానీ, పాప బట్టలు మడవటం మొదలుపెట్టింది.

ఆ రాత్రి అక్కడే ఉన్నాను. కొత్తగా పోయేవాళ్ళకు ఆ ఊర్లో బస దొరకదు, బాగేపల్లిలో లాడ్జీలు ఉన్నాయి.

ఆదివారం పొద్దున తిరుగు ప్రయాణం. ఈసారి చేళూరు మీదుగా, దగ్గరి దారినే. కండక్టరు వచ్చి ముగ్గురినీ చూశాడు. "అమ్మకు ఫ్రీ, పాపకు ఫ్రీ. నీకు మాత్రం ఫుల్లు" అన్నాడు. సంతోషంగా ఇచ్చాను. చల్లగాలి కొడుతోందని లత పాప ముఖం మీద పలుచని తువ్వాలు కప్పి నా ఒళ్ళో పడుకోబెట్టింది. చేళూరు దాటేదాకా ఓపిక పట్టాను. తర్వాత అంచు కొంచెం ఎత్తి చూశాను.

రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. కింది పెదవి ముందుకొచ్చింది.

లత కిటికీ వైపు చూస్తూనే అంది: "లేపినోడే పడుకోబెట్టల్ల నాన్నా."

బస్సంతా వింటుండగా పాడాను. ముందు సీటాయన తిరిగి చూశాడు, చూడనీ. జోజో తల్లీ జోజో, జోజో నాయనా జోజో. ఆ తర్వాతి చరణం చింతామణి వచ్చేదాకా నాకు గుర్తు రాలేదు. ఆ రెండు ముక్కలకే పాప పడుకుంది.