తెలుగులో చదివిన ప్రోగ్రాం

ఆయన తెలుగువారని చాలాకాలం నాకు తెలియదు. మీటింగుల్లో ఆయన ఇంగ్లీషు గడగడా సాగేది. భోజనాల దగ్గర తమిళంలో అందరినీ నవ్వించేవారు. ఒకరోజు లిఫ్టు దగ్గర ఫోన్లో వాళ్ళ అమ్మతో "ఈడనే ఉండాను మా, ఇంకా బయలుదేరలే" అంటుంటే విని ఆగిపోయాను. సార్, మీరు తెలుగా అని అడిగితే, అవునని, ఇక్కడికొచ్చి ఎన్ని తరాలైందో తానే చెప్పలేనని అన్నారు. మా తెలుగు వింటే మీ గుంటూరు వాళ్ళకి నవ్వొస్తుందిలే అని, మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా మేం ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. పని మాటలు తెలుగులో చెప్పుకోవచ్చని ఇద్దరికీ తోచలేదు.

మా ఆఫీసు ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఆయన రాసిన లైబ్రరీ ఒకటి ఉండేది. ఒకరు రాసిపెడితే మిగతావాళ్ళు వాడుకునే ప్రోగ్రామును మేం అలా అంటాం. దాని పని, మిగతా ప్రోగ్రాములు అడిగిన ప్రశ్నలను, సమాచారమంతా దాచి ఉంచే డేటాబేసుకి చేర్చి, జవాబులు తెచ్చివ్వడం. అడిగినవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. జవాబు వచ్చాక ఏం చేయాలో చెప్పి తమ పని తాము చూసుకోవచ్చు. జవాబు వచ్చిందా రాలేదా అని తిరిగి చూసేందుకు లోపల ప్రత్యేకంగా ఒక థ్రెడ్ ఉంటుంది. థ్రెడ్ అంటే ప్రోగ్రాం లోపల తన దారిన తాను నడిచే పనివాడనుకోండి. అది డేటాబేసుతో ఉన్న ఒక్కో లైను దగ్గరికీ వెళ్ళి వచ్చిందా, వచ్చిందా అని చూస్తూ తిరుగుతుంది. ఇలా తిరిగి చూడడాన్నే పోలింగ్ అంటారు. ఆ లైబ్రరీ ఎప్పుడూ మొరాయించలేదు కాబట్టి, ఆయన తప్ప ఎవరూ దాన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఒక ఉదయం ఆయనకి ఇంట్లోనే పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పట్టు తప్పింది, మాట పడిపోయింది. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళం దూరం నుంచి చూసి వచ్చేశాం. కొన్ని వారాలకి మాటలు ఒకటీ అరా రావడం మొదలైందని వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది. వచ్చిన మాటలన్నీ తెలుగేనట. ఇంగ్లీషు ఒక్క ముక్క లేదు. తమిళం నెమ్మదిగా మాట్లాడితే కొంత అందుతోంది కానీ నోట రావడం లేదు. ఒకటికి మించి భాషలు తెలిసినవాళ్ళకి ఒక్కోసారి ఇలా జరుగుతుందని, ఏది ముందు తిరిగొస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నారట. ఆఫీసులో తెలుగు తెలిసినవాళ్ళుంటే ఒకసారి వచ్చిపొమ్మని ఆవిడ అడిగింది. మా బృందంలో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే.

శనివారం పొద్దున వెళ్ళాను. పురసవాక్కంలో బట్టల దుకాణాల వెనక సన్నని సందులో ఇల్లు. వీధి మొగలో ఎవరో మైకులో డిస్కౌంట్ల గురించి అరుస్తూనే ఉన్నారు. ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు. నన్ను చూసి నవ్వబోతే పెదవి ఒకవైపే కదిలింది. పేరు గుర్తు రాక, "ఏమ్మా… ఏమ్మా" అంటూ ఉండిపోయారు. నేను కూర్చుని వానల గురించి, కొత్తగా మొదలైన మెట్రో పనుల గురించి, క్యాంటీన్ మారిన సంగతి గురించి మాట్లాడాను. ఆయన నా నోటి వైపే చూస్తూ విన్నారు.

ఆ ఇంట్లో అసలు కష్టం వాళ్ళమ్మాయిదని కాసేపటికి అర్థమైంది. కాలేజీలో చదువుతోంది. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో మాట్లాడుతుంటే తమిళంలో జవాబిస్తూ పెరిగిన పిల్ల. తండ్రిని నైనా అని పిలవడం తప్ప ఆమె నోట తెలుగు పలకదు. ఇన్నాళ్ళూ దాని వల్ల ఏ ఇబ్బందీ రాలేదు, తండ్రికి తమిళం వచ్చు కాబట్టి. ఇప్పుడు ఆమె ఏదో గబగబా చెప్పింది. ఆయన సగంలో తల పక్కకు తిప్పుకున్నారు. పిల్ల ముఖం ఎర్రబడింది, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ నా వైపు చూసి, "దినమూ ఇట్టనే. ఇద్దురూ పోరాడతా ఉండారు" అంది.

బయల్దేరబోతుంటే ఆయన నా చున్నీ కొస పట్టుకుని ఆపారు. "ఆడ… ఆడ ఏం జరగతా ఉండాది?" అన్నారు. ఆఫీసు సంగతని అర్థమైంది. చెప్పాలా వద్దా అనుకున్నాను. నిజానికి ఆఫీసులో అంతా బాగా లేదు. మా ప్రోగ్రాం రక్తపరీక్షల ఫలితాలను ల్యాబుల నుంచి ఆసుపత్రుల కంప్యూటర్లకి చేరుస్తుంది. కొన్ని వారాలుగా అది ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. ఫలితం ల్యాబులో సిద్ధంగా ఉంటుంది, డాక్టరు తెర మీద మాత్రం రాదు. ప్రోగ్రాం ఆపి మళ్ళీ మొదలుపెడితే బాగుంటుంది, కొన్నాళ్ళకి మళ్ళీ అదే కథ. తప్పు ఆయన లైబ్రరీలోనే ఉందని, దాన్ని తీసేసి వేరేది పెడదామని కొందరు అంటున్నారు. ఆ చివరి మాట మింగేసి మిగతాది చెప్పాను. వింటుంటే ఆయన వెన్ను కుర్చీకి ఆనడం మానేసింది. "తే" అన్నారు. "తీసుకోనిరా."

మా మేనేజరు మొదట ఒప్పుకోలేదు. జబ్బుమనిషిని ఆఫీసు పనితో హింసించడమేమిటన్నారు. వాళ్ళావిడే ఫోన్లో చెప్పింది, ఆయన ఆ రోజు నుంచి అన్నం తానే కలుపుకుంటున్నారని. మేనేజరు ఇక అడ్డు చెప్పలేదు.

మరుసటి శనివారం ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాను. తెరమీద తాను రాసిన వరసలే కనిపిస్తున్నా ఆయనకి చదవడం రాలేదు. అక్షరాలను చూపుడువేలితో తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కళ్ళు తడిశాయి. నేను కంగారుపడి, నేను చదువుతాను సార్ అన్నాను. ఇంగ్లీషులో చదివితే ఆయనకి అందదు. అందుకని ఒక్కో వరసా తెలుగులోకి మార్చి చదవడం మొదలుపెట్టాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనెప్పుడూ చేయని పని అది. ఇక్కడ పోల్ చేస్తుంది అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. ఇక్కడ అడిగి చూస్తుంది అంటే తల ఆడించారు. కాల్‌బ్యాక్ అనే మాట దగ్గర నాకే చిక్కొచ్చింది. రోజూ వాడే మాటే, చెప్పబోతే నోరు కదలదు. చివరికి, జవాబు వచ్చాక చేయమని చెప్పిపోయిన పని అన్నాను. "ఆ… అదే" అన్నారు. ఇలా ఒక పేజీ దాటడానికి పూట గడిచేది. ఆయన అలసిపోయి కళ్ళు మూసుకుంటే ఆపేసేదాన్ని. అమ్మాయి మొదట గుమ్మం దగ్గర నిలబడి చూసేది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టింది. తనకి ప్రోగ్రాములు తెలియవు. నేను చెప్పే తెలుగు మాత్రం నెమ్మదిగా ఉండేది కాబట్టి, తండ్రితో పాటు ఆమెకీ అందుతోంది.

మూడో నాలుగో శనివారం, కొత్తగా చేరినవాళ్ళు రాసిన భాగం తెచ్చి చదివాను. ఫలితం వచ్చాక చేయాల్సిన పనిలో వాళ్ళు ఇంకో ప్రశ్న చేర్చారు. రోగి ఏ వార్డులో ఉన్నాడో డేటాబేసుని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే ఆగాలని. ఆయన చెయ్యెత్తి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. ఏదో చెప్పబోయారు, మాట దొరకలేదు. "అది… వాడు… వాడు" అంటూ ముఖం కందిపోయింది. తర్వాత బల్ల మీదున్న కాఫీ గ్లాసులను ఎడమచేత్తో ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుని వరసగా పెట్టారు. చూపుడువేలు ఒక్కో గ్లాసు అంచు మీదా ఆనించుకుంటూ పోయారు. "వచ్చిందా? వచ్చిందా? వచ్చిందా?" అన్నారు. మూడో గ్లాసు దగ్గర వేలు లోపల పెట్టి అలాగే ఉంచేశారు. మిగతా గ్లాసుల వైపు తలతో చూపించారు.

"వాడే తేవాల" అన్నారు. "వాడే ఈడ కాచుకోనుండాడు. ఇంక ఎవురు తెచ్చేది?"

గ్లాసులు డేటాబేసు లైన్లని, వేలు థ్రెడ్ అని అప్పుడు నాకు వెలిగింది. జవాబులన్నీ తెచ్చే థ్రెడ్ ఒక్కటే. ఆ థ్రెడ్ చేతనే కొత్త ప్రశ్న అడిగించి, జవాబు కోసం అక్కడే నిలబెడితే, ఆ జవాబు తేవడానికి తిరిగేవాళ్ళెవరూ ఉండరు. చాలాసార్లు ఆ వార్డు వివరం అంతకుముందే తెచ్చిపెట్టుకుని ఉండడంతో గండం గడిచేది. అలా లేనినాడు అంతా బిగుసుకుపోయేది.

అప్పుడు అమ్మాయి బల్ల మీదికి వంగి, మాటలు వెతుక్కుంటూ తెలుగులో అంది. "నైనా, అట్లయితే… ఇంకో వేలు పెట్టు."

ఆయన గ్లాసులోంచి వేలు తీసి ఆమె వైపు తిరిగారు. ఆ తర్వాత నవ్వారు. ఒకవైపు పెదవితోనే అయినా శబ్దం వచ్చేలా నవ్వారు. వాళ్ళావిడ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. ఆయన కూతురి చెయ్యి తీసుకుని, ఆమె వేలినీ తన వేలినీ ఒకే గ్లాసు అంచున పెట్టి నెట్టారు. గ్లాసు దొర్లింది, అడుగున మిగిలిన కాఫీ బల్ల మీద పారింది. ఇద్దరు ఒకే లైను మీద చెయ్యి వేయకూడదని చెప్పడం అది. తర్వాత ఆమె వేలిని గ్లాసులకు దూరంగా పెట్టించారు. తన వేలు గ్లాసుని తాకి వెళ్ళి ఆమె వేలిని తాకింది, మళ్ళీ గ్లాసుల దగ్గరికి వచ్చేసింది. అడిగి చూసేవాడు అడిగి చూస్తూనే ఉండాలి. జవాబు వచ్చాక చేయాల్సిన పని పక్కన ఇంకొకడు చేయాలి. వాడు ఎంతసేపు నిలబడినా నష్టం లేదు.

ఆఫీసులో ఆ మార్పు రాయడానికి నాకు వారం పట్టింది. కొత్తగా చేరినవాళ్ళు పాపం చాలా బాధపడ్డారు. నిజానికి వాళ్ళ తప్పూ పెద్దగా లేదు, అలా ఆగకూడదని వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. రెండు నెలలు చూశాం, ప్రోగ్రాం బిగుసుకోలేదు. లైబ్రరీని తీసేయాలన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మేనేజరు ఒక పూట పూలగుత్తి పట్టుకుని పురసవాక్కం వెళ్ళి, తమిళంలో ఒక్కో మాటా ఆపి ఆపి మాట్లాడి వచ్చారు.

ఆయన ఉద్యోగంలోకి పూర్తిగా తిరిగి రాలేదు. కొంత తమిళం వచ్చింది, ఇంగ్లీషు చదవడం కాస్త వచ్చింది, మునుపటి ధార మాత్రం రాలేదు. వారానికి ఒక పూట ఆఫీసుకి వస్తారు. అమ్మాయి బస్సులో తీసుకొచ్చి దింపిపోతుంది. మేం రాసినదాన్ని వినడమే ఆయన పని. బృందంలో ఎక్కువమంది తమిళులు కాబట్టి తమిళంలో నెమ్మదిగా చెబుతారు. అర్థం కానిచోట ఆయన నా వైపు చూస్తారు.

మొన్న ఆయన్ని దింపడానికి వచ్చినప్పుడు అమ్మాయి నన్ను పక్కకు పిలిచి ఒక సంగతి చెప్పింది. వాళ్ళ నైనా చిన్నప్పుడు జార్జి టౌన్‌లో తాతగారి కొట్టు దగ్గర చేతిబండి ఎక్కి తిరిగేవారట. ఆ కబుర్లన్నీ ఇప్పుడు తెలుగులో చెబుతున్నారట, మునుపు తమిళంలో ఒక్కటీ చెప్పలేదట. "సగమే తెలస్తుంది అక్కా" అంది. "మిగతాది మళ్ళీ అడుగుతా. ఆయన మళ్ళీ చెప్తాడు."

లోపల ఆయన అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నారు. కొత్తగా చేరిన ఒకమ్మాయి తాను రాసినదాన్ని గబగబా చెప్పుకుపోతోంది. ఆయన ఎడమచెయ్యి కాస్త పైకెత్తారు. ఆమె ఆగి, ఊపిరి తీసుకుని, మొదటి వరస నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.