బీడీ చుట్టని చేతులు

1983 చలికాలం. ఖానాపూర్‌ల ఒక డాక్టర్ దగ్గర నేను కాంపౌండర్‌ను. కాంపౌండర్ అంటే మందులు కలిపేటోడు, సూదులు ఉడకబెట్టేటోడు, డాక్టర్ వచ్చేదాక జనాన్ని నవ్వించేటోడు. మొదటి రెండు పనులు డాక్టర్ నేర్పిండు. మూడో పనికి అడ్డమొస్తుందనే నేను ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టిన.

అప్పుడు ఊరంత ఒక్కటే జ్వరం. పొద్దున మంచిగున్నోడు మాపటికి వణుకుతుండె. తలనొప్పి, పొడి దగ్గు, ఒళ్ళంత రోకటితోని దంచినట్టు నొప్పులు. "పడిశం మెల్లగ వస్తది. ఇన్‌ఫ్లుయెంజా మీద వడ్డట్టు వస్తది" అని డాక్టర్ చెప్తుండె.

ఒకనాడు మల్లయ్య వచ్చిండు. వడ్ల బస్తా ఒక్కడే లేపే మనిషి, గొంగడి కప్పుకొని మూలుగుతుండు. వెంట వాళ్ళవ్వ లచ్చవ్వ, ఒళ్ళె బీడీలు చుట్టే చాట. మా దిక్కు ఆడోళ్ళు పెండ్లికి పోయినా చాట పట్టుకపోతరు.

"జల్ది సూదెయ్యి తమ్మీ, పాణం పోతుంది."

"జర ఆగు మల్లన్నా. నువ్వు పోతే నలుగురు మొయ్యలేరు, ట్రాక్టర్‌కు చెప్పి రావాలె."

అందరు నవ్విండ్రు. లచ్చవ్వ తిట్టలే. కొడుకును ఒక మాటంటే నాకు నాలుగు తిట్లు పడాలె, అసొంటి నోరు ఆమెది. మళ్ళ గెలికిన.

"ఏందవ్వా, కొడుకు పాణం కంటె బీడీలే ఎక్కువయినయా?"

ఆమె దిక్కు చూసిన. ఒక చేతిల ఆకు, ఒక చేతిల దారం, చుట్టుడే లేదు. ఊపిరి ఎగపోస్తుంది. "అవ్వా, యాడున్నవే?" అంటే "బీడీల కార్ఖానల" అన్నది.

నేను డాక్టర్‌ను పిలిచిన. మల్లయ్యకు కోపమొచ్చింది.

"జ్వరం నాకయితే అవ్వను చూస్తరేంది? పొద్దున చెయ్యి పెట్టి చూసిన, నొసలు సల్లగనే ఉంది. అన్నం తింటలేదు, గంతే."

డాక్టర్ ఆమె వీపంత స్టెతస్కోప్ పెట్టి విన్నడు. "ముసలోళ్ళకు ఈ రోగంల ఒళ్ళు కాలకపోవచ్చు మల్లయ్యా. తిండి మానేస్తరు, మతి తప్పినట్టు మాట్లాడ్తరు. తంబాకు దుమ్ము పీల్చిన ఛాతి, న్యుమోనియాకు దిగింది." అంటే ఊపిరితిత్తులకు వాపొచ్చి గాలి ఆడకుంటయితది. "ఇప్పుడే నిర్మల్ దవాఖానకు తీస్కపో. నీకు గోలీలు, నీళ్ళు, పడక చాలు."

"ఓ సూదేసి పంపుండ్రి సార్. నా జ్వరం తగ్గినంక తీస్కపోత."

"అప్పటిదాక ఆమె ఉండాలె గద."

మల్లయ్య మూలుగుడు బందయింది. గొంగడి తీసి అవ్వకు కప్పిండు. తన కాళ్ళు వణుకుతున్నా ఆమెను ఎత్తుకొని బయట ఉన్న కిరాయి జీపు కాడికి నడిచిండు. చాట నాకియ్యమంటే లచ్చవ్వ ఇడువలే, దాంతోనే పోయింది.

బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమవుతుండె అని నిర్మల్ డాక్టర్లు చెప్పిండ్రట.

అప్పటి సంది జ్వరమొచ్చినోని కంటె ముందు వాని వెంట వచ్చినోళ్ళను చూస్త. ముసలోళ్ళు, కడుపుతోని ఉన్నోళ్ళు, సంటిపిల్లలు, దమ్ము రోగం, షుగర్ ఉన్నోళ్ళు, వీళ్ళకే ఈ జ్వరం గండం. గట్టిగ మూలిగేటోని దగ్గర మూలిగేంత ఊపిరన్నా ఉంటది. సప్పుడు చెయ్యకుంట గోడకు ఒరిగి కూసున్నోళ్ళనే ముందుగాల లోపలికి పిలువాలె.