అందరికీ ఒకే నంబరు

ముందు మోడెమ్ కూత వినిపించేది. చెన్నై టి. నగర్‌లో చీరల దుకాణం పైఅంతస్తు, ఇరుకు మెట్లు. సగం ఎక్కేసరికి ఆ గరగర, ఆ సన్నని కీచు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి కనకవల్లి తలెత్తి "వచ్చినారా అక్కా" అనేది. నేను పక్కగదిలో ప్రూఫులు దిద్దేదాన్ని. ఆమె వెబ్ పేజీలు రాసేది. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. తాతల కాలం నుంచి తొండియార్‌పేటలో ఉన్న కుటుంబం ఆమెది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పగలంతా జావాస్క్రిప్ట్.

ఆ ఏడు ఆమె ఒక రక్తదాతల సంఘానికి పేజీ చేసింది. దాత పేరు, పక్కన రక్తం గ్రూపు. పేరు మీద నొక్కితే ఫోన్ నంబరు కనిపించాలి. అన్నిటికన్నా చివర తమ్ముడు గిరి పేరు చేర్చింది. పని చేస్తోందో లేదో చూడాలనుకున్నప్పుడల్లా ముద్దుగా ఆ పేరే నొక్కింది. ప్రతిసారీ సరైన నంబరే వచ్చింది.

ఒక ఉదయం, మాకెవరికీ తెలియని వెంకటపతి అనే ఆయన భార్య వరదలక్ష్మికి కాన్పు తర్వాత రక్తస్రావం ఆగలేదు. ఆమెది బి నెగటివ్. ఆసుపత్రిలో ఆ రక్తం లేదు. అతను ఎదురుగా ఉన్న బ్రౌజింగ్ సెంటరుకు పరుగెత్తాడు. కనకవల్లి చేసిన పేజీలో ఆ గ్రూపువాళ్ళు ముగ్గురున్నారు. మొదటి పేరు నొక్కి, తెర మీద కనిపించిన నంబరుకు ఫోన్ చేశాడు.

"ఆదిమూలం గారా?"

"కాదన్నా, ఈడ గిరి, సైకిల్ షాపు. రాంగ్ నంబరు."

పెట్టేసి రెండో పేరు నొక్కాడు. కంగారులో అంకెలు పోల్చి చూసుకోలేదు.

"గోవిందన్ గారు ఉన్నారా?"

"ఏందన్నా, మళ్ళీ నాకే చేస్తావు?"

మూడోసారి "శ్రీనివాస గారు..." అనగానే గిరికి ఒళ్ళు మండింది. "ఆటలాడేదానికి నేనే దొరికినానా నీకు?" అని రిసీవరు తీసి పక్కన పడేశాడు. రక్తం అనే మాట వెంకటపతి నోటిదాకా రానేలేదు.

మధ్యాహ్నానికి వరదలక్ష్మి పోయింది. బిడ్డ బతికింది.

ఆ సాయంత్రం గిరి అన్నం తింటూ నవ్వాడు. "ఎవడో పైత్యగాడు అక్కా, నన్నే మూడు పేర్లు పెట్టి పిలస్తా ఉన్నాడు."

"ఏ పేర్లురా?"

అతను చెప్పాడు. మూడూ తన పేజీలోని దాతల పేర్లేనని గుర్తుపట్టి కనకవల్లి కంచం వదిలి లేచింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆమె తెర ముందు, ఆరిన దీపంలా కూర్చుని ఉంది. గిరికి వచ్చిన ఫోన్ల సంగతి చెప్పింది. ఎక్కడ తప్పు జరిగిందో అడిగాను.

"నంబరు పెట్టుకునే వేరియబుల్‌ని పేజీకంతా ఉమ్మడిగా పెట్టేసినానక్కా. గ్లోబల్ అంటారు. కొళాయి కింద ఒకే బిందె అనుకోండి. ఒక్కొక్కరూ వచ్చి ముందువాళ్ళ నీళ్ళు పారబోసి తమవి పట్టినారు. కడాకు మిగిలింది గిరి నంబరు. ఎవరి పేరు నొక్కినా ఆ బిందెలోదే వస్తుంది."

"మరి ఎలా ఉండాలి?"

"ఒక్కో పేరుకూ ఒక ఫంక్షన్ని, అంటే ఒక పని చేసే కోడు ముక్కని, పిలిచి, ఆ మనిషి నంబరు దాని చేతికియ్యాల. అది తన లోపల ఇంకో ఫంక్షన్ని పుట్టిస్తుంది. బయటిది పని ముగించుకొని పోయినా, లోపలిది ఆ నంబరును వదలదు. ఎవరి బిందె వాళ్ళకే. క్లోజర్ అంటే అదేనక్కా."

అలా అని కీబోర్డు ముందుకు లాక్కుంది. కింద దుకాణంలో ఎవరో చీరలు విప్పి పరుస్తున్న చప్పుడు.

వరదలక్ష్మి పోయిన సంగతి మాకు సంఘంవాళ్ళ ద్వారా తెలిసింది. కొన్నాళ్ళకు, పేజీ ఎక్కడ తయారైందో వాళ్ళే చెప్పగా వెంకటపతి మా మెట్లెక్కి వచ్చాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. పేజీ చూపించమన్నాడు. ఆదిమూలం పేరు నొక్కాడు. గోవిందన్, శ్రీనివాస. మూడు వేర్వేరు నంబర్లు. ఎండిపోయిన పెదవులు కదుపుతూ ఒక్కో అంకె చదువుకున్నాడు.

"ఇప్పుడు సరిగ్గా వస్తా ఉంది గదమ్మా?"

"వస్తా ఉందన్నా."

"దీన్ని బాగుచేసేదానికి ఎంతసేపు పట్టింది?"

నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఆమె గొంతు ఎంత తగ్గిపోయిందంటే జవాబు నాకు వినపడలేదు. అతను తలూపాడు. కొంత తేలికపడ్డట్టే కనిపించాడు. వెళ్ళిపోయాడు.

నెల తిరక్కముందే ఆమె ఉద్యోగం మానేసింది. ఆఖరి రోజు మెట్ల మీద, నేనడగకుండానే ఆగి, గోడ వైపు చూస్తూ అంది:

"చానా కష్టమైన పని, రెండు దినాలు పట్టిందని చెప్పినానక్కా ఆయనకు. మార్చింది నాలుగు లైన్లు. కాఫీ ఆరేలోపల అయిపోయింది."