పద్నాలుగో నంబరు తప్పు

కార్బురేటర్ ఉన్నంతకాలం నా షెడ్డులో మనుషులకు లోటుండేది కాదు. ఎవరి బానెట్ లేచినా చుట్టూ మూగేవారు. "పాయింట్లు పోనాయి" అని ఒకడు, "కాదెహె, పెట్రోల్లో నీళ్లొచ్చేయి" అని ఇంకొకడు. అన్నీ వాగుడే. ఆ వాగుడు వింటూ టీ తాగుతూనే నేను లోపం పట్టుకునేవాణ్ణి. తొంభైల చివర్లో కార్బురేటర్ లేని కార్లొచ్చాయి. వాటికి కంప్యూటరట! ఆ మాట వినగానే మా చోడవరం కార్లన్నీ విశాఖపట్నం దారి పట్టాయి. నాకు స్కూటర్లూ, ఈగలూ మిగిలాయి.

నా భార్య అప్పటికే విశాఖలో ఉంది. ఒక ఆస్పత్రిలో ఆయా ఉద్యోగం, వాళ్లక్క ఇంట్లో బస. ప్రతి ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుకోవడమే మా కాపురం. "ఇక్కడ బోల్డు గేరేజీలున్నాయి మావా, వచ్చీ" అనేది. ఇంకొకడి దగ్గర స్పానర్లు అందించమంటావా అని నాకు ఒళ్లు మండేది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక్కడికీ వండుకోబుద్ధయ్యేది కాదు. మరమరాలు తిని పడుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో బెల్లం షావుకారి కొత్త కారు వచ్చింది. డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ బల్బు వెలిగి ఆరడం లేదు. వెనక నల్లటి పొగ. ఆ వారం ఫోన్లో నాకూ నా భార్యకూ ఒప్పందం కుదిరింది. ఈ కారు బాగుచేస్తే షెడ్డు ఉంటుంది. నా వల్ల కాకపోతే తాళం వేసి విశాఖ బస్సెక్కుతాను.

కిటుకు విశాఖలో స్పేర్ పార్టులమ్మే ఆయన చెప్పాడు. డాష్‌బోర్డు కింద ఉన్న ప్లగ్గులో రెండు పిన్నులు తీగతో కలిపితే బల్బు మినుకుమంటుంది. ఆ మినుకులు లెక్కపెడితే ఏ తప్పో దాని నంబరొస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో బల్బు కనిపించి చావదు. తలమీద దుప్పటి కప్పుకుని స్టీరింగు మీదికి వంగి కూర్చున్నాను. ఒక మినుకు, ఆగి నాలుగు. మళ్లీ ఒకటి, ఆగి నాలుగు. పద్నాలుగు. ఆయన చెప్పిన లెక్కలో అది ఇంజను వేడి చెప్పే సెన్సార్. ఆ ఉక్కలో చెమటలు కారుతుంటే "పద్నాలుగురోయ్!" అని అరిచాను. దుప్పటి తీసి చూస్తే వినడానికి ఒక్క నరమానవుడు లేడు. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

కొత్త సెన్సార్ తెప్పించి బిగించాను. బల్బు ఆరింది. మీసం మెలేశాను. కారు మాడుగుల చేరకముందే బల్బు మళ్లీ వెలిగింది.

షావుకారు మండిపడుతూ వచ్చాడు. "నీ వల్ల అవుద్దా, అవ్వదా? సెప్పీ. ఇశాపట్నం తోలుకుపోతాను."

"ఎప్పటినుంచి వెలుగుతోంది బాబూ?" అని అప్పుడడిగాను. పాత బండైతే మొదట అడిగే మాట అదే. నంబరు చేతికొచ్చిందని మనిషిని అడగడం మానేశాను.

"దసరా కాణ్ణుంచీ. మా ఆడోళ్లు ఇంజనంతా పైపెట్టి కడిగీసి, పసుపూ కుంకం ఎట్టేరు. ఆ మర్నాడే ఎలిగింది."

సెన్సార్ తీగ చివరి క్లిప్పు ఊడదీసి ఈసారి లోపలికి చూశాను. పసుపు ముద్ద, దాని కింద పచ్చటి చిలుము. ఆయుధపూజకు అన్ని బళ్లకూ బొట్లు పెడతాం. అంబాసిడర్‌కి ఎంత పూసినా ఏమీ కాలేదు. ఈ కంప్యూటర్‌కి మాత్రం పసుపునీళ్లు తగిలి సెన్సార్ కబురు అందడం మానేసింది. కాగుతున్న ఇంజను చల్లగా ఉందనుకుని అది పెట్రోలు గుమ్మరిస్తోంది. నంబరు చెప్పింది ఆ వైపు నుంచి కబురు రావడం లేదనే. సెన్సార్ చచ్చిందని నేననుకున్నాను. కొత్తది బిగించినప్పుడు క్లిప్పు కదిలి కాసేపు అంటుకుంది, అందుకే బల్బు ఆరిందంతే. ఇప్పుడు ఏ కంపెనీ కారుకైనా ఒకే నంబర్లు. ఇదే తప్పుకి, పరికరం తగిలిస్తే పి సున్నా ఒకటి ఒకటి ఎనిమిది అని చూపిస్తుంది. ఈనాటికీ అది చూసి మంచి సెన్సార్లు పీకి పారేసేవాళ్లున్నారు.

చిలుము గీకి, తుడిచి, ఆరబెట్టి బిగించాను. షావుకారు మాడుగుల వెళ్లొచ్చాడు, దేవరాపల్లి వెళ్లొచ్చాడు. బల్బు వెలగలేదు. తన బళ్లన్నీ ఇకనుంచి నాకేనన్నాడు.

ఆదివారం దాకా ఆగలేక బూత్‌కి పరిగెత్తాను. "ఆరిపోయిందే! షెడ్డు నిలబడింది!"

లైను తెగిందేమోనని "హలో, హలో" అన్నాను.

"ఇంటన్నాను మావా" అంది. "ఆరదనుకున్నాను. గది మాటాడీసేను. ఇద్దరికీ సరిపోయే మంచం కూడా కొనీసేను."

రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నాను.

"పోన్లే, నువ్వు గెలిసేవు" అని నెమ్మదిగా ఫోన్ పెట్టేసింది.